కొసాక్కుల ఇరవయ్యేళ్ల సేవ, లావా దాడి: అసలు ఎలా నడిచేవి?

ప్రశ్న
జారుల కాలపు రష్యాలో దోన్ నది ప్రాంతపు కొసాక్కు, అంటే భూమికి బదులు గుర్రం మీద సైనిక సేవ చేసే సమూహంవాడు, గుర్రం, కత్తి సొంతంగా తెచ్చుకుని 20 ఏళ్లు సేవ చేయాలని చదివాను. అన్నేళ్లూ ఇల్లు వదిలి ఉండాల్సిందేనా? ఇంకొకటి, లావా అంటే చెల్లాచెదురుగా వెళ్లడమే అయితే, బారులు తీరి వచ్చే ఆశ్వికుల ముందు ఎలా ఆగేవాళ్లు?

జవాబు 1
అన్నేళ్లూ బయట ఉండక్కర్లేదండి. 1875 నిబంధనల్లో లెక్క ఇది: 18వ ఏట మొదలై 3 ఏళ్లు తయారీ, 12 ఏళ్లు రెజిమెంటు సేవ, 5 ఏళ్లు రిజర్వు. తయారీలో మొదటి ఏడాది సరంజామా కూడబెట్టుకోవడానికే సరిపోతుంది. ఆ పన్నెండులో మొదటి 4 ఏళ్లే దళంలో ఉండాలి. తర్వాతి 4 ఏళ్లు ఊళ్లోనే, కానీ గుర్రాన్ని సిద్ధంగా ఉంచాలి. చివరి 4 ఏళ్లలో గుర్రం లేకపోయినా ఫర్వాలేదు, పిలుపొస్తే కొనుక్కోవాలి. చిక్కంతా అక్కడే. అందరూ ఒకేసారి సంతకి పోతే మంచి గుర్రం దొరకదు.

ఈ ఖర్చుకి బదులే భూమి. 1835 చట్టం ఒక్కొక్కరికి 30 దెస్యతీనాలు, అంటే సుమారు 80 ఎకరాలు, రాసింది. జనం పెరిగేకొద్దీ ఆ వాటా తరిగింది, గుర్రం ఖర్చు మాత్రం తరగలేదు.

జవాబు 2
లావాని చెల్లాచెదురు అనుకోకండి. చిన్న చిన్న జట్లు పలచగా పరుచుకుని ముందు నుంచీ పక్కల నుంచీ కవ్విస్తాయి. నాయకుడు బాకా ఊదించడు, కత్తి ఊపి సైగ చేస్తాడు. వెనకాల జెండాతో ఒక జట్టు మాత్రం దగ్గరగా కూడి ఉంటుంది. దాన్ని ‘మయాక్’ అంటారు, దీపస్తంభమని అర్థం. చెదిరినవాళ్లు తిరిగి చేరేది అక్కడికే.

బారు తీరిన దళాన్ని ఎదురుగా గుద్దరు. వాళ్లు తమని తరిమేలా చేస్తారు. తరిమేటప్పుడు గుర్రాలు ఒక్క వేగంతో పోవు, బారు తెగుతుంది. దెబ్బ అప్పుడు పడుతుంది. 1812 జులైలో, నెపోలియన్ రష్యా మీదికి వచ్చినప్పుడు, మీర్ అనే ఊరి దగ్గర కొసాక్కుల సేనాని ప్లాతోవ్ చేసింది అదే: బాట మీద వందమంది ఎర, రెండు పక్కలా వందేసి మంది మాటు. వెంటబడ్డ నెపోలియన్ వైపు పోలిష్ ఈటె రౌతులు మధ్యలో చిక్కారు. ఆ ఎత్తుకి ‘వేంతెర్’ అని పేరు. చేప లోపలికి దూరుతుంది గానీ బయటికి రాలేని గొట్టం వల అది. కాల్బలం చతురస్రంగా నిలబడి బాయినెట్లు చాపితే మాత్రం లావా ఏమీ చేయలేదు.

జవాబు 3
పై జవాబుకి ఒక చేర్పు. కొసాక్కులు అలా చటుక్కున తిరగడం వాళ్ల జీను వల్ల కూడా కుదిరేది. జీనుకి ముందూ వెనకా లేచిన రెండు కొమ్ముల మధ్య తోలు దిండు ఉంటుంది, రౌతు ఎత్తుగా కూర్చుంటాడు, రికాబుల మీద లేచి ఎటైనా వంగగలడు. గుర్రాన్ని పొడిచి ఉరికించే ముల్లు కాలికి ఉండదు, చేతిలో నగైకా కొరడా. షాష్కా కత్తిని పదును పైకి ఉండేలా వేలాడదీస్తారు కాబట్టి ఒర నుంచి దూయడం, నరకడం ఒకే ఊపు. పిడికి చేతి కాపు లేదు, అందుకని అవతలివాడి కత్తిని అడ్డుకోవడానికి పనికిరాదు. ఇక జీను కింది మందపాటి ఉన్ని గుడ్డ మడత పడితే మూపు ఒరుసుకుపోయి పుండు పడుతుంది, ఆ గుర్రం వారాల తరబడి పనికి రాదు. దిగగానే ముందు చూడాల్సింది ఆ గుడ్డనే.