మే 12న వార్డులో నర్సెస్ డే: డ్యూటీలు ఎలా సర్దాలి?

ప్రశ్న (డ్యూటీ డాక్టర్, అమలాపురం): సిస్టర్లంతా ఓ అరగంట కలిసి కూర్చోవాలంటున్నారు. మెడికల్ వార్డు, మూడు షిఫ్టులు. ఏ టైము పెట్టమంటారు?

జవాబు (స్టాఫ్ నర్సు, కాకినాడ): డ్యూటీ మారేది రెండింటికే కదా అని చాలామంది అప్పుడే పెట్టేస్తారండి. ఎనిమిది గంటలకోసారి ఇచ్చే యాంటీబయాటిక్‌లు ఆరు, రెండు, పదికి పడతాయి. పేషెంట్ల వివరాలు తర్వాతి షిఫ్టుకి అప్పజెప్పే హ్యాండోవరూ అప్పుడే. అందుకే మూడింటికి పెట్టండి. ఇద్దరు సిస్టర్లు వార్డులోనే ఉండి, పావుగంటకి మారాలి. హౌస్ సర్జన్లు బీపీ, పల్స్ చూస్తారు గానీ ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), పొటాషియం క్లోరైడ్ మాత్రం ఇద్దరు సరిచూసుకున్నాకే ఇవ్వాలి. పొటాషియం పలచన చేయకుండా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది.

జవాబు (మత్తు డాక్టర్, రాజమండ్రి): నర్సులు చేసే నైటింగేల్ ప్రతిజ్ఞకి కొవ్వొత్తులు వార్డులో వద్దు. ఆక్సిజన్ చేరిన దుప్పటి భగ్గుమంటుంది. శానిటైజర్ ఆరని చేత్తో అగ్గిపుల్ల గీయడమూ అంతే. బ్యాటరీ దీపాలు చాలు.

జవాబు (హెడ్ నర్సు, భీమవరం): డాక్టరు గారూ, ఆ అరగంటా అత్యవసరమైతే తప్ప మందులకి నోటిమాట ఆర్డర్లు వద్దండి. మే ఎండకి కేకు క్రీము జారిపోద్ది, ఆత్రేయపురం పూతరేకులు తెప్పించండి. తేమకి మెత్తబడతాయి, డబ్బా ముందే తెరవకండి. షుగరున్నవాళ్లకి మజ్జిగ.