అప్‌డేట్: మామయ్యను ఐసీయూలో బోర్లా తిప్పడం గురించి అడిగాను కదా

పర్లాకిమిడిలో నిమోనియా వచ్చిన మామయ్యను విశాఖ తీసుకెళ్లామని, అది ఏఆర్‌డీఎస్‌గా (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి, ఒంటికి ఆక్సిజన్ సరిగా అందని తీవ్ర స్థితి) ముదిరిందని, వెంటిలేటర్ మీదున్న మనిషిని బోర్లా పడుకోబెడుతున్నారు, ఇది మంచిదేనా అని అడిగాను. ముందు అసలు విషయం: ట్యూబ్ తీసేశారు, మామయ్య సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారు!

డాక్టరుగారు చాలా ఓపిగ్గా చెప్పారు. వెల్లకిలా ఉంటే గుండె, పొట్ట బరువు పడి ఊపిరితిత్తుల వెనక భాగం మూసుకుపోతుంది, కానీ రక్తం అక్కడికే ఎక్కువ వెళ్తుంది, అందుకే బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుని ఆక్సిజన్ పెరుగుతుంది. కాసేపు తిప్పితే చాలదు, రోజుకు కనీసం 16 గంటలు ఉంచాలి. ఫ్రాన్స్, స్పెయిన్ ఐసీయూల్లో చేసి 2013లో ప్రచురించిన ప్రోసేవా అధ్యయనంలో తీవ్రమైన కేసుల్లో 28 రోజుల్లోపు మరణాలు సుమారు 33 శాతం నుంచి 16కి తగ్గాయి. మందు కాదు, మనిషిని తిప్పడం! ట్యూబ్ కదలకుండా నలుగురైదుగురు కలిసి తిప్పాలి, ఆ నర్సులకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

వెంటిలేటర్ గాలి తక్కువ ఇస్తున్నారని అత్తయ్యకు ఒకటే టెన్షన్. అది కావాలనే అలా పెడతారు. ఒక్కో శ్వాసకు కిలోకు దాదాపు 6 మిల్లీలీటర్లు, అదీ ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువుకి. ఎక్కువ తోస్తే బాగున్న భాగం కూడా పాడవుతుంది.

ఇప్పుడు కాళ్లలో బలం లేదు, లేచి నిలబడటమే కష్టంగా ఉంది. పర్లాకిమిడిలో గానీ గుణుపురంలో గానీ ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసేవాళ్లు తెలిస్తే చెప్పండి.