ప్రమాదం జరిగిన పది నెలలకు సబ్రోగేషన్ నోటీసు వచ్చింది, ఏం చేయాలి?

ప్రశ్న:
నేను టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాను. పది నెలల క్రితం సిగ్నల్ దగ్గర ఆగివున్న ఒక కారును నా కారు వెనకనుంచి గుద్దింది. బంపరు మీద అరచేయంత సొట్ట మాత్రమే కనిపించడంతో పోలీసులను పిలవకుండా, ఆయన అడిగిన 600 డాలర్లు ఫోనులోనే పంపించి, ప్రీమియం పెరుగుతుందన్న భయంతో మా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఊరుకున్నాను. ఇప్పుడు ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఒక వసూలు సంస్థ, మరమ్మతుకు అయిన 7,840 డాలర్లు నన్నే కట్టమని సబ్రోగేషన్ నోటీసు, అంటే ఆ కంపెనీ ఖర్చును నా నుంచి రాబట్టుకునే ఉత్తరం, రాసింది. ప్రమాదం నాటికి నా పాలసీ అమలులోనే ఉంది. వాయిదాల్లో కట్టేయడం మంచిదా?

జవాబు 1:
దయచేసి వాయిదాల ఒప్పందం మీద సంతకం చేయకండి. ఆ ఉత్తరాన్ని ఈరోజే మీ కంపెనీకి పంపి క్లెయిమ్ నంబరు తీసుకోండి. టెక్సాస్‌లో ఎదుటివారి ఆస్తి నష్టానికి కనీస లయబిలిటీ కవరేజీయే 25,000 డాలర్లు. దానికి డిడక్టిబుల్ (ముందుగా మీ జేబులోంచి కట్టాల్సిన వాటా) కూడా ఉండదు. ఆలస్యంగా చెప్పారని వారు విసుక్కోవచ్చు గానీ, ఆ ఆలస్యం వల్ల తమకు నిజంగా నష్టం జరిగిందని చూపలేకపోతే, ఆ ఒక్క కారణంతో కవరేజీ కాదనడం ఇక్కడ కష్టం. వసూలు సంస్థకు మీ పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు రాసి పంపితే చాలు. తప్పు ఎవరిదన్న మాట ఎత్తకండి.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తూ ఒక మాట. చిన్న సొట్టకు అంత బిల్లా అని మోసంగా తీర్మానించకండి. ఇప్పటి బంపర్ల వెనక సెన్సర్లు ఉంటాయి. అయినా ఎస్టిమేటు, ఫోటోలు, చెల్లింపు రుజువు అడగాలి. నాకొచ్చిన బిల్లులో, వెనక తగిలిన దెబ్బకు ముందు హెడ్‌లైటు ధర కూడా వేశారు. ఫోటో చూపించాకే తీసేశారు. ఇన్సూరెన్స్ కంపెనీ తన ఖాతాదారు స్థానంలో నిలబడి అడగడమే సబ్రోగేషన్ కనుక, ఆయనకు మీరిచ్చిన 600 కూడా లెక్కలోకి తీసుకోమని మీ అడ్జస్టరుతో (మీ క్లెయిమ్ చూసే కంపెనీ ప్రతినిధితో) గట్టిగా చెప్పించండి.

జవాబు 3:
గడువు దాటిపోతుందిలే అని ఎదురుచూడకండి. దావా వేయడానికి ప్రమాదం తేదీ నుంచి వారికి రెండేళ్లుంది. ఉత్తరం వేరు, కోర్టు సమన్లు వేరు. 20,000 డాలర్ల లోపు దావాలు, చిన్న మొత్తాల దావాలు చూసే జస్టిస్ కోర్టులో వేయవచ్చు. అక్కడ సమన్లు అందిన 14వ రోజు ముగిసేలోగా జవాబు దాఖలు చేయకపోతే ఏకపక్ష తీర్పు రావచ్చు. ఆ తీర్పు సొమ్ము కట్టకపోతే వ్యవహారం డ్రైవింగ్ లైసెన్సు నిలిపివేత దాకా వెళ్లగలదు. కాబట్టి సమన్లు వస్తే ఆ పూటే మీ కంపెనీకి పంపాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కంపెనీకి ఫోను చేశాను, క్లెయిమ్ తెరిచారు. 600 డాలర్ల రసీదు అడిగితే తీసి చూశాను. దేనికి పంపుతున్నానో రాయాల్సిన చోట ‘సారీ అండీ’ అని మాత్రమే ఉంది. అదే పంపాను.