కార్న్‌డ్ బీఫ్‌లో మొక్కజొన్న ఎక్కడిది?

ప్రశ్న: ఉరుగ్వేలోని ఫ్రాయ్ బెంతోస్ ఊరి మీద వ్యాసం తెలుగు చేస్తున్నాం. అక్కడి ‘కార్న్‌డ్ బీఫ్’ను యంత్రానువాదం ‘మొక్కజొన్న గొడ్డుమాంసం’ అంటోంది. ‘ఉప్పుకండ’ అంటే సరిపోతుందా? ‘తసాహో’, ‘సలదేరో’ మాటలకు ఏం రాయాలి?

జవాబు 1: మొక్కజొన్న తీసెయ్యండి. పాత ఇంగ్లీషులో కార్న్ అంటే ఏ గింజైనా, పలుకైనా సరే. పెప్పర్‌కార్న్ అంటే మిరియపు గింజ కదా, అదే కార్న్ ఇది. ఇక్కడ పలుకులు ఉప్పువి, మన కల్లుప్పు అన్నమాట. ఆ ఉప్పు పట్టించిన మాంసం కాబట్టి ఆ పేరు.

జవాబు 2: ‘ఉప్పుకండ’ చక్కని మాట, కానీ దాన్ని తసాహోకు వాడండి. మాంసాన్ని పలచటి పొరలుగా కోసి, కల్లుప్పు చల్లి దొంతర పెట్టి, రోజుల తరబడి తిరగేసి, ఎండలో ఆరబెట్టేదే తసాహో. తెలంగాణలో ఒట్టి తునకలు అంటారు, అదీ నప్పుతుంది. ఆ పని జరిగే చోటు సలదేరో, ‘ఉప్పుకండ కార్ఖానా’ అనవచ్చు. ఆ సరుకు క్యూబా, బ్రెజిల్‌లో బానిసల తిండికి పోయేది. వ్యాసంలో ఈ సంగతి వదలొద్దు.

కార్న్‌డ్ బీఫ్ ఎండబెట్టింది కాదు, డబ్బాలోది. ముందు మాంసాన్ని ఉడికిస్తారు. పచ్చిదే డబ్బాలో కూరితే లోపల కుంచించుకుపోయి నీళ్లు వదులుతుంది. ఉడికాక ఈనెలు, కొవ్వు తీసి, ఉప్పు, నైట్రైట్ (మాంసం చెడకుండా వేసే లవణం) కలిపి, ఒకవైపు సన్నగా ఉండే డబ్బాలో కూరతారు. ఆ వాలు వల్లే ముద్ద విరక్కుండా జారివస్తుంది. గాలి లాగేసి, మూసి, పీడనంలో మళ్లీ ఉడికిస్తారు. మొదట ఉడికించిన నీళ్లనూ పారబొయ్యరు, చిక్కబెట్టి మాంససారం తీస్తారు.

అసలు ఆ ఊరి కథ మొదలైంది ఆ సారంతోనే. 1859లో ఊరు వెలిసింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ పద్ధతిని గీబెర్ట్ అనే ఇంజనీరు అక్కడికి తెచ్చాడు, 1865లో లీబిగ్ కంపెనీ పుట్టింది. కిలో సారానికి దాదాపు 30 కిలోల మాంసం కావాలి. ఐరోపాలో ఆ ధర గిట్టదు. ఉరుగ్వేలో తోలు కోసమే పశువుల్ని కోసేవారు గనక మాంసం కారుచవక. పైగా ఉరుగ్వే నది అక్కడ లోతు, సముద్రపు ఓడలు నేరుగా రేవుకు వచ్చేవి. 1924లో కార్ఖానా ఆంగ్లో పేరుకు మారింది, 1979లో మూతపడింది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ‘అంబా అన్న అరుపు తప్ప ఏదీ వృథా పోదు’ అని అక్కడ చెప్పుకునేవారు. తెలుగులోకి ఇంత హాయిగా వచ్చే మాట దొరకడం అరుదు!

జవాబు 3: ఒక చేర్పు. వేడి డబ్బాను నీళ్లలో చల్లార్చేటప్పుడు లోపలి ఆవిరి కుదించుకుపోయి, అతుకులో సన్న రంధ్రముంటే బయటి నీటిని పీల్చుకుంటుంది. అందుకే ఆ నీటికి క్లోరిన్ తప్పనిసరి. 1964లో స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో ఒక కార్న్‌డ్ బీఫ్ డబ్బా వల్ల 400 మందికి పైగా టైఫాయిడ్ వచ్చింది. ఆ డబ్బా అర్జెంటీనాలోని రొసారియోది, శుద్ధి చెయ్యని పరానా నది నీటిలో చల్లార్చారు. దీన్ని ఫ్రాయ్ బెంతోస్‌కు అంటగట్టకండి, అది వేరే దేశం, వేరే నది.

జవాబు 1: ఊరి పేరు ‘ఫ్రై’ అని రాస్తే వేపుడు అనుకుంటారు, ‘ఫ్రాయ్’ అనే ఉంచండి. స్పానిష్‌లో క్రైస్తవ సన్యాసుల పేరుకు ముందు పెట్టే మాట అది. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి డబ్బా మాంసం తిన్న బ్రిటిష్ సైనికులు ‘బాగుంది’ అనడానికి ‘ఫ్రే బెంటోస్’ అనేవారు. 1917లో ఒక యుద్ధ ట్యాంకుకూ ఆ పేరే పెట్టారు. ఆ సందర్భంలో మాత్రం ఇంగ్లీషు ఉచ్చారణే నప్పుతుంది.

జవాబు 2: అవును. కార్న్‌డ్ బీఫ్‌కు మొదటిసారి ‘ఉప్పు పట్టించిన డబ్బా గొడ్డుమాంసం’ అని రాసి, తర్వాత ‘డబ్బా మాంసం’ అంటే చాలు.