"నవ్విన నాపచేను": ఇంతకీ నవ్వింది ఎవరు?

సభ్యులందరికీ నమస్కారం. అందరికీ తెలిసిన ఒక సామెతలో ఒకే ఒక్క మాట గురించి మీతో మాట్లాడాలని ఉంది. ఆ మాట "నవ్విన".

పోయిన ఆదివారం భోజనాల దగ్గర మా తమ్ముడు తన కొడుకు సంగతి చెబుతున్నాడు. మూడుసార్లు పరీక్ష తప్పిన పిల్లవాడు నాలుగోసారి గట్టెక్కి ఉద్యోగంలో చేరాడు. "నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అన్నారా" అన్నాను నేను. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల మా మనవరాలు ముద్ద కలుపుతున్నదల్లా ఆగి, "అమ్మమ్మా, చేను ఎందుకు నవ్వింది?" అని అడిగింది.

అందరం పగలబడి నవ్వాం. నేనూ నవ్వాను. పిల్ల మాత్రం తల వంచుకుని, పప్పన్నం మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. కాసేపటికి, ఎవరినీ చూడకుండా, "నన్ను చూసి నవ్వారు" అంది. ఆ మాట నాకు ఆ రాత్రంతా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే మేం పిల్లకు చెప్పలేకపోయిన అర్థాన్ని పిల్లే చెప్పింది. సామెతలో దాక్కున్న మాట సరిగ్గా అదే: "చూసి".

వ్యాకరణం ప్రకారం పిల్ల అడిగిన దానిలో తప్పు ఇసుమంత కూడా లేదు. "నవ్విన" ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం. "నవ్విన పిల్ల" అంటే నవ్వింది పిల్లే. "నవ్విన చేను" అంటే నవ్వింది చేనే అనుకోవడం సహజం. కానీ తెలుగులో ఈ ధాతుజ విశేషణం పక్కనున్న నామానికీ తనకూ ఉన్న సంబంధం ఏమిటో పైకి చెప్పదు. "తిన్న అబ్బాయి" తినేవాడు. "తిన్న పండు" కడుపులోకి పోయేది. "తిన్న పళ్లెం" ఈ రెండూ కాదు, తినడానికి వాడింది. "కూర్చున్న కుర్చీ" అన్నప్పుడు కుర్చీ కూర్చుందని ఎవరూ అనుకోరు. సంబంధాన్ని మనం లోకజ్ఞానంతో పూరించుకుంటాం. చేలు నవ్వవని తెలిసినవాళ్లం కాబట్టి "నలుగురూ చూసి నవ్విన చేను" అని మనసులోనే చదువుకుంటాం. నాపచేను అంటే పైరు సరిగా ఎదగని చేను. ఇది పండే చేను కాదులే అని ఊరంతా తేలికగా తీసేసిన చేను అన్నమాట. పిల్ల దగ్గర తెలుగు ఉంది, చేను లేదు. అంతే తేడా.

"చూసి" పెట్టి ఉంటే గొడవే లేదు కదా అనవచ్చు. పెట్టి చూడండి. "చూసి నవ్విన నాపచేనే పండుతుంది." సామెత చచ్చిపోయింది. నవ్విన అని నకారంతో మొదలై, వెంటనే నాప అని ఇంకో నకారం పడటంలోనే దాని బిగువంతా ఉంది.

నన్ను ఇంకా ఆలోచనలో పడేసింది వేరే ఉంది. ఆ బల్ల దగ్గర మా నవ్వులో చెడు లేదు. ముచ్చటపడి నవ్వాం. అయినా పిల్లకు ఎగతాళిలా తగిలింది. ఈ రెంటికీ నడుమ ఉన్న గీతను తెలుగు ఎక్కడ గీసిందా అని వెతికితే నాకు క్రియల్లో దొరికింది. పరాచికాలు ఆడతాం. సరసాలు ఆడతాం. మేలమాడతాం. హాస్యాలాడతాం. ఇవన్నీ ఆటలు, ఆటకు ఇద్దరు కావాలి. ఎగతాళి మాత్రం చేస్తాం. హేళన చేస్తాం, గేలి చేస్తాం, ఎద్దేవా చేస్తాం, అపహాస్యం చేస్తాం. అవి ఒకరు ఇంకొకరికి చేసేవి, రెండోవాళ్లకు ఆటలో పాలు లేదు. "ఆటపట్టించడం" అనే మాట నాకు అందుకే ఎంతో ఇష్టం. ఎదుటివాళ్లను కూడా ఆటలోకి లాగడం అందులోనే ఉంది.

మీ ప్రాంతాల్లో, మీ ఇళ్లలో ఈ మాటలు ఎలా పలుకుతారో, ఏ నవ్వు మీకు ఇష్టమో రాయండి.

రాజమహేంద్రవరం నుంచి ఒక సభ్యుడు:

అమ్మా, "ఆడు", "చేయు" సంగతి బాగుంది కానీ వెటకారాన్ని ఎటు పెడతారు? నిఘంటువు చూస్తే ఎగతాళి పక్కన పెడుతుంది. మా గోదావరి వైపు వెటకారం పలకరింపు. కొత్త చొక్కా వేసుకుని వీధిలోకి వస్తే "ఏమండీ, పెళ్లిచూపులు ఎవరికి, మీకా, మీ అబ్బాయికా?" అని అరుగు మీద పెద్దాయన అడుగుతాడు. ముఖంలో నవ్వు ఉండదు. నిజంగానే అడుగుతున్నట్టు ఉంటుంది. మనం అంతే గంభీరంగా "ఖాళీగా ఉంటే మీరూ రండి, మీకూ ఒకటి చూద్దాం" అనాలి. అలా అనలేక చిన్నబుచ్చుకుంటే ఆయనకే బాధ. మా దగ్గర వెటకారాలు కూడా ఆడుకుంటాం అమ్మా, చేయం. ఎవరితోనైనా ఆయన వెటకారం మానేశాడంటే వాళ్లతో మాటలు లేవని అర్థం.

కర్నూలు నుంచి ఒక సభ్యురాలు:

అక్కయ్యా, మా చిన్నప్పుడు మేం కూడా ఈ సామెతను తప్పుగానే అర్థం చేసుకున్నాం. మాకు నాప అంటే నాపరాయే. ఇళ్లలో పరిచేది అదే, గట్టున పేర్చేది అదే. అందుకని నాపచేను అంటే అడుగున నాపరాళ్లున్న చేను, గింజ మొలవదని అందరూ నవ్వుతారు అనుకునేవాళ్లం. భావం సరిగ్గానే చేరింది, దారి మాత్రం వేరు.

ఇంకో సంగతి. మా నాయనమ్మ "చూసి" అనేదే కాదు. "అట్లా చేస్తే లోకులు మనల్ని నవ్వుతారు" అనేది. "మనల్ని" అని ద్వితీయ పెట్టి. ఆవిడ భాషలో నవ్వడం కొట్టడంలాగా, తిట్టడంలాగా ఒకరి మీద పడే పని. ఆ లెక్కన "నవ్విన చేను" అచ్చం "తిట్టిన మనిషి" లాంటిదే. లోపించిన మాటేమీ లేదు.

ఆదిలాబాద్ నుంచి ఒక సభ్యుడు:

పిల్ల అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. చేను నవ్వుతుంది. పత్తి కాయ పగిలి తెల్లగా విచ్చుకున్న పొద్దున ఒకసారి మా చేల వైపు రండి. గట్టు మీద నిలబడితే నవ్వుతున్న చేను కంటికి కనబడుతుంది. మీ మనవరాలిని కూడా తీసుకురండి.

మళ్లీ నేను:

బాబూ, మీరు పత్తి చేను గురించి రాసింది చదివి నాకు చాలా సంతోషం కలిగింది. మీరు కంటితో చూసి చెప్పింది కావ్యశాస్త్రాలు రాసిన మన ఆలంకారికులు ఎప్పుడో చెప్పారు. నాట్యశాస్త్రంలో భరతుడు ఒక్కో రసానికి ఒక్కో రంగు చెబుతూ హాస్యానికి తెలుపు ఇచ్చాడు. కవులకు నవ్వు ఎప్పుడూ తెల్లనిదే. మల్లెమొగ్గ విచ్చితే నవ్వింది అంటాం, వెన్నెల కాస్తే నవ్వింది అంటాం. కాబట్టి పత్తి చేను నవ్వడంలో వింతేమీ లేదు.

భరతుడి మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెబుతాను. ఆయన నవ్వును ఆరు రకాలు చేశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, నడిమి రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి. స్మితంలో పళ్లు కనబడవు. అతిహసితంలో కళ్ల నీళ్లు కారుతూ, చేతులతో డొక్కలు పట్టుకుంటారు. మన పగలబడి నవ్వడం, కడుపుబ్బ నవ్వడం అదే. ఆ కొలత నాకు నచ్చదు. పొట్ట పట్టుకుని నవ్వినంత మాత్రాన మనిషి తక్కువవాడు ఎలా అవుతాడు? మా అత్తగారు అలాగే నవ్వేవారు. ఆవిడ నవ్వితే పక్కింటివాళ్లు కారణం తెలియకపోయినా నవ్వేవాళ్లు. పళ్లు కనబడని నవ్వుల్లో ఎంత విషం ఉంటుందో మనందరికీ తెలుసు. నవ్వు ఎంత గట్టిదని కాదు, ఎటు తిరిగి ఉందని చూడాలి. భరతుడే అపహసితాన్ని చెబుతూ తగని చోట నవ్వే నవ్వు అన్నాడు. ఆ ఒక్క ముక్క దగ్గర మాత్రం ఆయనతో నాకు పేచీ లేదు, ఆదివారం నాటి మా నవ్వు కూడా తగని చోట నవ్విందే.

రాజమహేంద్రవరం బాబు గారూ, మీ ఉదాహరణ ముందు నా సూత్రం నిలవదు, ఒప్పుకుంటున్నాను. "వేళాకోళం చేయకు" అని మా ఇంట్లో కూడా అంటాం, ప్రేమగానే అంటాం. "ఎకసెక్కాలాడకు" అని కోపంగా అంటాం. కాబట్టి క్రియను బట్టి తేల్చేయలేం. కానీ మీరు రాసిన దానిలోనే నాకు కావలసింది ఉంది. ఆ పెద్దాయన జవాబు కోసం చూస్తాడు. తిరిగి అనే హక్కు ఎదుటివాడికి ఇచ్చాకే వెటకారం మొదలుపెడతాడు. పెళ్లిళ్లలో వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడటం గుర్తు తెచ్చుకోండి. లడ్డూలు ఎన్ని తిన్నదో, పట్టుచీర ఎవరిని అడిగి తెచ్చుకుందో అన్నీ పాటలోకి వస్తాయి. ఆవిడ ముసిముసిగా నవ్వుతూ వింటుంది. ఆ వెంటనే అటు వైపు ఆడవాళ్లు గొంతు సవరించుకుంటారు. పెళ్లికొచ్చిన పరాయి మనిషి అదే పాట ఎత్తుకుంటే పందిట్లో గొడవవుతుంది. మాట ఒకటే, వరస లేదు. వియ్యాలవారికి, బావామరదళ్లకు, వదినామరదళ్లకు ఉన్న ఆ చనువు పరాయివాళ్లకు లేదు.

మా పిల్లకు ఆ బల్ల దగ్గర తిరిగి అనడానికి మాట లేదు. అదీ జరిగింది.

కర్నూలు చెల్లెమ్మా, మీ నాయనమ్మ గారి "మనల్ని నవ్వుతారు" నా నోటు పుస్తకంలోకి ఎక్కింది. మా అమ్మ కూడా అలాగే అనేదని ఇప్పుడు గుర్తొచ్చింది. పై సామెతకు ఇంతకంటే సులువైన అన్వయం లేదు.

నిన్న సాయంత్రం పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. ఆ రోజు నవ్వినందుకు తప్పయిందని కూడా చెప్పాను. పత్తి చేను సంగతి చెబితే కళ్లు విప్పార్చుకుని వింది. తర్వాత "తిన్న పళ్లెం", "కూర్చున్న కుర్చీ" అని తనంతట తనే గొణుక్కుంటూ కాసేపు ఇల్లంతా తిరిగింది. పడుకునే ముందు నా మంచం దగ్గరికి వచ్చి అడిగింది:

"అయితే 'నవ్విన అమ్మమ్మ' అంటే? నువ్వు నవ్వినట్టా, నిన్ను నవ్వినట్టా?"

రెండూ అవుతాయని చెప్పాను. తను నవ్వింది. నేనూ నవ్వాను.