మనాది పట్టిందా, పెట్టుకుందా?

మా అన్న కొడుకు హైదరాబాద్‌లో చదువుకుంటూ ర్యాప్ రాస్తుంటాడు. మొన్న మా ఊరు దేవరకొండకు వచ్చినప్పుడు అమెరికన్ ర్యాపర్ కెండ్రిక్ లమార్ 2022లో తెచ్చిన ‘మిస్టర్ మొరాల్ అండ్ ది బిగ్ స్టెప్పర్స్’ ఆల్బమ్ వినిపించాడు. మొదటి పాటలోనే ఆయన 1,855 రోజులుగా తనకేదో అవుతోందంటాడు. అంతకుముందు ఆల్బమ్ వచ్చిన నాటి నుంచి లెక్కేస్తే సరిగ్గా అన్ని రోజులే. ఆ ‘ఏదో’కు అక్కడ పేరు పెట్టడు. ఇంకో పాటలో ఇంటావిడ కౌన్సెలింగ్‌కు పొమ్మంటే కొట్టిపారేస్తాడు. బాధ బయటపెట్టొద్దని తండ్రి నేర్పిన తీరు చెప్పుకొస్తాడు.

“బాబాయ్, దీన్ని మన దిక్కు ఏమంటరు? మానసిక కుంగుబాటు అని రాస్తే బీట్‌లో కూర్చుంటలేదు” అన్నాడు.

నా నోటికి వెంటనే వచ్చిన మాట మనాది.

రంది వేరు. కొడుకు రంది, అప్పు రంది, వాన రంది అంటాం. దేని గురించో తెలుసు కాబట్టి “రంది పడకు” అని ధైర్యం చెప్తాం. “మనాది పడకు” అనగా నేనెన్నడూ వినలేదు. బుగులంటే భయం, తెల్లారితే పోతుంది. మనాది పోదు, లోపలే కూర్చుంటుంది. మనోవ్యాధి అరిగి మనాది అయిందనుకోవచ్చు. కానీ సంస్కృతంలో ఆధి అనే మాట విడిగా ఉంది, అమరకోశం దానికి ‘మానసీ వ్యథా’ అని అర్థం చెప్తుంది. మనసుకు పట్టిన ఆధి అనుకోవడమే నాకిష్టం.

అసలు అడగాలనుకున్నది క్రియ గురించి. మా మేనమామ బొంబాయి వలస పోయి రెండేళ్లు జాబు రాయలేదు. మా అత్త చాట ముందేసుకుని, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతూ పొద్దంతా కూర్చునేది. పక్కన అన్నం చల్లారిపోయేది. “మనాది పెట్టుకున్నది” అన్నారు అందరూ, కావాలని నెత్తికెత్తుకున్నట్టు. పెట్టుకున్న మనిషి తీసేసుకోలేదా అనుకున్నారు, దవాఖానకు తీసుకుపోలేదు. మా నాయనమ్మ ఒక్కతే “బిడ్డకు మనాది పట్టింది” అనేది, జ్వరం పట్టిందన్నట్టే. పక్కన కూర్చుని ముద్దలు కలిపి తినిపించేది.

మీ ఊళ్లలో ఏమంటారు? పట్టిందంటారా, పెట్టుకుందంటారా?

జవాబు, వనపర్తి నుంచి:
అన్నా, మా ఇంట్ల “మనాదితోనే పోయిండు” అన్నదే విన్న. మనిషి పోయినంక చెప్పే మాట. బతికున్నోళ్ల గురించి ఎవరూ అనంగ వినలేదు. మా తాత పోయినప్పుడూ అదే అన్నరు. అంతకుముందు ఏడాదంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

దేవరకొండ నుంచి నా జవాబు:
తమ్ముడూ, మీ తాత సంగతి మావాడికి చదివి వినిపించాను. వాడు పల్లవిలో ‘మనాది పట్టింది నాన్నా’ అని రాసుకున్నాడు. మా అన్నకు ఇంకా వినిపించలేదు.