40 సైట్లు, మూడు బ్యాకెండ్‌లు: సైటుకో ఫైలా, అన్నిటికీ ఒకే మ్యాపా?

పోర్ట్80:
ముందు ఒక ఎన్జిన్‌ఎక్స్ (వచ్చిన రిక్వెస్టుల్ని వెనక సర్వర్లకు అందించే ప్రాక్సీ), వెనక మూడు సర్వర్లు (బ్యాకెండ్‌లు), వాటి మీద 40 క్లయింట్ సైట్లు. ఇప్పుడు సైటుకో కాన్ఫిగ్ ఫైలుంది. అవన్నీ తీసేసి ఒకే సర్వర్ బ్లాక్ (కాన్ఫిగ్‌లో సైటు సెట్టింగులుండే భాగం), ఒకే మ్యాప్ పెడదామని మా టీమ్‌లో ఒకరు పట్టుబడుతున్నారు. మ్యాప్‌లో ఎడమవైపు డొమైన్, కుడివైపు అప్‌స్ట్రీమ్ (అది వెళ్లాల్సిన బ్యాకెండ్) పేరు, అంతే. చేయొచ్చా?

సర్వర్‌గది:
తప్పకుండా చేయండి. 40 ఫైళ్లంటే అవే పది లైన్లు 40 చోట్ల. అసలు రిక్వెస్ట్ హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిందో లేదో బ్యాకెండ్‌కి చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ ఎక్కడో ఒకదాంట్లో మర్చిపోతారు. ఆ వర్డ్‌ప్రెస్ సైటు తనకు హెచ్‌టీటీపీలో రిక్వెస్ట్ వచ్చిందనుకుని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తూనే ఉంటుంది, పేజీ తెరుచుకోదు. మ్యాప్‌లో కొత్త సైటంటే ఒక్క లైను. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కీ బెంగ లేదు, వాటిని ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక్కదాంట్లో 100 డొమైన్ పేర్ల దాకా ఇస్తుంది.

రాత్రిడ్యూటీ:
ఆ చివరి మాట ఒప్పుకోను. మేం అదే చేసి దెబ్బతిన్నాం. ఒక క్లయింటు చెప్పకుండా డొమైన్‌ని వేరే హోస్టింగ్‌కి మార్చుకున్నారు. రెన్యువల్‌లో ఆ ఒక్క పేరు వెరిఫై కాలేదు, సర్టిఫికెట్ మొత్తం ఆగిపోయింది. హెచ్చరిక మెయిల్ మాలో ఎవరూ చూడలేదు. సర్టిఫికెట్ గడువు 90 రోజులు నిండిన రాత్రి మిగతా సైట్లన్నీ ఒకేసారి పోయాయి.

డొమైన్‌ని బట్టి సర్టిఫికెట్ ఫైలు మారేలా దాని పాత్‌లో వేరియబుల్ పెట్టడం ఎన్జిన్‌ఎక్స్ 1.15.9 వెర్షన్ నుంచి కుదురుతుంది, నిజమే. కానీ మామూలుగా ప్రతి హ్యాండ్‌షేక్‌కీ (కొత్త సురక్షిత కనెక్షన్ మొదలైనప్పుడల్లా) ఫైలు చదవాలి. పైగా ప్రైవేట్ కీని వర్కర్ ప్రాసెస్ చదివేలా అనుమతి ఇవ్వాలి. బయటి రిక్వెస్టులన్నీ తీసుకునే ప్రాసెస్‌కి ఆ తాళంచెవి ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

సైట్లు ఒకేలా ఉండవు కూడా. అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 ఎంబీ, ఫోటో స్టూడియో సైటుకి 50 కావాలి. పెద్ద రిపోర్టులు తీసే సైటుకి 60 సెకన్ల రీడ్ టైమౌట్ చాలదు. ఈ రెండు సెట్టింగులూ వేరియబుల్ తీసుకోవు. ఒకే బ్లాక్ అయితే ఒకరి కోసం అందరికీ పెంచాల్సిందే.

సర్వర్‌గది:
సర్టిఫికెట్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఫైళ్లు విడిగా ఉన్నంత మాత్రాన సైట్లు విడిపోవండీ. ఏ ఫైల్లో సెమికోలన్ పోయినా రీలోడ్ (ఆపకుండా కొత్త కాన్ఫిగ్ తీసుకోవడం) జరగదు. అప్పటికి పాత కాన్ఫిగ్ నడుస్తుంది గానీ, ఎవరైనా కంగారులో రీస్టార్ట్ కొడితే 40 సైట్లూ పడతాయి. ప్రాక్సీ పాస్ లైన్లో (రిక్వెస్ట్ ఎక్కడికి పంపాలో చెప్పేది) రాసిన బ్యాకెండ్ పేరు డీఎన్‌ఎస్‌లో దొరక్కపోయినా అదే గతి.

రాత్రిడ్యూటీ:
అవును, అందుకే మేం పేర్లు రాయం, ప్రైవేట్ ఐపీలే. ముందు టెస్ట్ కమాండ్, పాసయితేనే రీలోడ్. హెడర్లన్నీ ఒకే ఫైల్లో పెట్టి ప్రతి సైటులో ఇంక్లూడ్ చేస్తాం. మీరు భయపడిన మతిమరుపుకి అక్కడ చోటుండదు.

పోర్ట్80:
ఫైళ్లు ఉంచేస్తున్నాం, హెడర్లు మాత్రం ఇంక్లూడ్‌లోకి. ఇదంతా చదివాక మాకు లేని డొమైన్ పేరుతో ప్రాక్సీని అడిగి చూశా. డీఫాల్ట్ సర్వర్ (ఏ సైటుకీ చెందని పేర్లకు వాడే బ్లాక్) పెట్టనేలేదు మేం. అక్షరక్రమంలో మొదటి ఫైలున్న క్లయింటు సైటు తెరుచుకుంది. అలాంటి పేర్లకు 444 ఇచ్చే (జవాబు లేకుండా కనెక్షన్ మూసేసే) బ్లాక్ ఇప్పుడే రాస్తున్నా.